రాళ్ల కుప్ప మీద తంగేడు: గట్టున, బీడున పెంచుకునే పద్ధతి

చల్క నేలల్లో దాదాపు ప్రతి చెలకకూ ఒక మూల రాళ్ల కుప్ప ఉంటుంది. తాతల కాలం నుంచి దున్నినప్పుడల్లా నాగలికి తగిలిన రాళ్లను ఏరి అక్కడ పోస్తూ వచ్చారు. ఆ కుప్ప కింద అర గుంటో, గుంటో భూమి పంటకు పనికి రాకుండా పోయింది. దాని మీద సర్కారు తుమ్మ, వయ్యారిభామ తప్ప ఏమీ మొలవదని చాలామంది వదిలేస్తారు. ఆ కుప్ప మీద, దాని చుట్టూ, పొలం గట్ల మీద దాదాపు ఖర్చు లేకుండా తంగేడు పెంచుకోవడం గురించి ఈ వ్యాసంలో చెబుతాను.

ముందే ఒక మాట. తంగేడు ఎకరాకు ఇంత ఆదాయం ఇచ్చే పంట కాదు. అలా చెప్పి మొక్కలు అమ్మేవాళ్లు ఎవరైనా వస్తే డబ్బు ఇవ్వకండి. బతుకమ్మ రోజుల్లో ఇంటికి, ఊరికి పువ్వు, మిగిలితే పట్నంలో అమ్ముకోవడానికి నాలుగు మోపులు, నారుమడికి పచ్చి ఆకు, వంగ తోటకు తుమ్మెదలు, కోసుకుపోయే గట్టుకు వేరు పట్టు, ఇవీ దీనివల్ల వచ్చేవి. పనికిరాని చోటు నుంచి ఇంత రావడం తక్కువేం కాదని నా అభిప్రాయం.

గట్ల మీద తంగేడు ఎందుకు కనబడటం లేదు?

ఇందులో మా శాఖ వాళ్ల పాత్ర కూడా ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ప్రతి రైతు సదస్సులోనూ "గట్లు శుభ్రంగా ఉంచండి, పురుగులకు ఆశ్రయం ఇవ్వకండి" అని చెప్పేవాణ్ని. గట్టు మీద వయ్యారిభామ, తుత్తురబెండ లాంటి కలుపు తీయాలన్నది ఇప్పటికీ సరైన సలహానే. అయితే ఏది తీయాలో, ఏది ఉంచాలో నేను విడమరచి చెప్పలేదు. తర్వాత కలుపు మందులు చవకగా దొరకడంతో గట్టు మొత్తానికి ఒకేసారి కొట్టడం అలవాటైంది. జేసీబీలు వచ్చాక రెండు చెలకల మధ్య గట్లే పోయాయి. పట్నాల చుట్టుపక్కల బీళ్లు ప్లాట్లయ్యాయి.

కొన్నేళ్ల కింద పెత్రమాస ముందు రోజు ఒక ఊళ్లో పంట నష్టం రాసుకుంటుంటే, ఖాళీ సంచీ పట్టుకుని తిరిగొస్తున్న ఒక పెద్దమ్మ నన్ను నిలబెట్టి అడిగింది. "సారూ, గట్లన్నీ మీరే గొరిగించిన్రు. ఇప్పుడు పువ్వు యాడికెల్లి తేవాలె?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ మరుసటి ఏడు నుంచే తంగేడు విత్తనం ఏరడం, మొలిపించడం మొదలుపెట్టాను. కింద చెప్పే వాటిలో చాలా భాగం అలా చేసి, చెడగొట్టుకుని, మళ్లీ చేసి నేర్చుకున్నవే.

మొక్కను సరిగ్గా గుర్తుపట్టడం

పల్లెలో పుట్టినవాళ్లకు తంగేడును చూపించాల్సిన పని లేదు. కాని పిల్లలతో విత్తనం ఏరించేటప్పుడు, పట్నం నుంచి తిరిగొచ్చి సాగు మొదలుపెట్టినవాళ్లకు పొరపాటు జరుగుతోంది. దీనికి దగ్గరి చుట్టాలు ఊరి చుట్టూ మూడు నాలుగు ఉన్నాయి, అన్నింటికీ పసుపు పూలే.

తంగేడు పొద మామూలుగా 3 నుంచి 5 అడుగులు పెరుగుతుంది. నరకకుండా వదిలేస్తే ఇంకా ఎత్తు పోతుంది. ఒక్కో ఆకు కాడకు 8 నుంచి 12 జతల చిన్న రెక్కలు ఉంటాయి. ఖాయంగా పట్టించే గుర్తు కాడ మొదట్లో ఉంటుంది. కాడ కొమ్మకు అతికిన చోట గుండ్రంగా, చెవి ఆకారంలో చిన్న ఆకు రెక్క ఒకటి కొమ్మను పట్టుకుని ఉంటుంది. శాస్త్రవేత్తలు దీనికి పెట్టిన 'సెన్నా ఆరిక్యులేటా' అన్న పేరులో రెండో మాటకు చెవులున్నది అనే అర్థం. కాయ చదునుగా, కాగితంలా పలచగా, సుమారు 3 నుంచి 4 అంగుళాల పొడవు ఉంటుంది. ఎండితే గోధుమ రంగుకు తిరిగి, గాలికి గలగలమంటుంది.

తంటెం మొక్క, కొన్నిచోట్ల తగిరస అంటారు, వానల్లో మొలిచి వానలతో పోతుంది. ఆకుకు మూడే జతల రెక్కలు, కాయ సన్నగా పొడుగ్గా కొడవలిలా వంగి ఉంటుంది. సీమ తంగేడు రోడ్ల పక్కన నీడకు పెంచే పెద్ద చెట్టు. గట్టు మీద పెట్టారంటే మీ పంటకు ఎండ రానివ్వదు. పేరులో తంగేడు ఉందని నర్సరీలో అడిగితే దీన్నే ఇస్తుంటారు, జాగ్రత్త.

అన్నింటికంటే జాగ్రత్త పడాల్సింది కసివిందతో. ఆకు నలిపితే చెడు వాసన వస్తుంది. రెక్కలు పెద్దవి, కొన మొనదేలి ఉంటాయి, 4-5 జతలే ఉంటాయి. దాని గింజలు విషం. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో కసివింద గింజలు తిన్న చిన్నపిల్లలు కాలేయం, మెదడు దెబ్బతిని చనిపోయారని అక్కడి వైద్యులు నిర్ధారించారు. పశువులకూ ప్రమాదమే. కాబట్టి విత్తనం ఏరేటప్పుడు పొదను చూసి, చెవి ఆకును చూసి, చదును కాయ మాత్రమే కోయండి. కింద రాలిన గింజలు ఏరకండి.

విత్తనం ఎప్పుడు, ఎలా?

పూత వానాకాలం చివర, ఆగస్టు నుంచి నవంబరు వరకు జోరుగా ఉంటుంది. మిగతా నెలల్లోనూ అక్కడక్కడా పూస్తూనే ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య కాయలు ఎండుతాయి. ఒకే పొద నుంచి కాకుండా పది పొదల నుంచి తలా కొన్ని కాయలు తీసుకోండి. మీ ఊరి బీడులో, మీ ఊరి ఎండకు, వానకు తట్టుకుని నిలిచిన పొదల విత్తనమే మీకు మేలు. ఎక్కడినుంచో తెచ్చిన విత్తనం కంటే ఇది బాగా నిలబడటం నేను చూశాను.

కాయలు రెండు రోజులు ఎండబెట్టి, చేటలో నలిపి చెరిగితే గింజ వేరవుతుంది. పుచ్చు పురుగు తొలిచిన గింజలు చాలానే ఉంటాయి. సన్నటి గుండ్రని రంధ్రం కనబడితే పారేయండి. మంచి గింజను గుడ్డ సంచిలో, కాస్త వేపాకు వేసి, తేమ లేని చోట ఉంచితే తొలకరి దాకా చెక్కు చెదరదు.

గింజ నేరుగా చల్లితే నూటికి చాలా తక్కువ మొలుస్తాయి. మొదటి ఏడు నేను అలాగే చల్లి, విత్తనం చెడ్డదనుకుని వదిలేశాను. మరుసటి ఏడు వానలకు అదే చోట మొలకలు లేచాయి! గింజ పైపొర గట్టిగా ఉండి నీళ్లు లోపలికి పోనివ్వదు. కరువు నేలలో పుట్టిన మొక్కకు ఇదొక రక్షణ. ఒక్క జల్లు పడగానే విత్తనమంతా మొలిచి, తర్వాత వాన లేక ఒకేసారి ఎండిపోకుండా, కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు మొలిచేలా దాచుకుంటుంది. మనకు ఒకేసారి మొలవాలి కాబట్టి విత్తన శుద్ధి తప్పదు.

గిన్నెలో నీళ్లు మరగబెట్టి పొయ్యి మీద నుంచి దించండి. రెండు మూడు నిమిషాలు ఆగి, గింజలకు ఐదింతల నీళ్లు గింజల మీద పోయండి. పొయ్యి మీదే ఉంచి ఉడికించకూడదు. అలాగే రాత్రంతా వదిలేసి తెల్లారి చూడండి. ఉబ్బిన గింజలు విత్తడానికి సిద్ధం. ఉబ్బనివాటికి మళ్లీ ఒకసారి వేడి నీళ్లు పోయండి. కొద్ది గింజలే ఉంటే ఇంకా సులువైన పని ఉంది. గరుకు బండ మీదో, ఉప్పు కాగితం మీదో గింజను ఒక పక్క కొద్దిగా రుద్ది, మామూలు నీళ్లలో రాత్రంతా నానబెడితే చాలు. ఉబ్బిన గింజ 7 నుంచి 15 రోజుల్లో మొలకెత్తుతుంది.

నేరుగా విత్తడమా, సంచుల్లో పెంచడమా?

నా ఓటు నేరుగా విత్తడానికే. తంగేడు బలమంతా తల్లివేరులో ఉంది. పైన రెండు ఆకులు కనబడేసరికి వేరు కింద జానెడు దిగిపోతుంది. రాళ్ల సందుల్లో దారి వెతుక్కుంటూ, పైన ఎండిన నేల కింద మిగిలిన తేమను పట్టుకోవడం వల్లే మే నెలలో కూడా ఇది పచ్చగా నిలుస్తుంది. బీడులో ఉన్న మొక్కను గడ్డపారతో తవ్వి తెచ్చి నాటడం ఇందుకే దండగ. ఎంత జాగ్రత్తగా తీసినా తల్లివేరు తెగుతుంది, వారం రోజుల్లో మొక్క వాడిపోతుంది. పైగా ఉన్న ఒక్క మొక్కనూ పోగొట్టుకున్నట్టు.

నేల బాగా తడిసే వాన పడ్డాక, జూన్ చివర లేదా జూలైలో, అనుకున్న చోట గింజ మందానికి రెండింతల లోతులో, అంటే అర అంగుళం లోపే, 4-5 గింజలు పెట్టండి. అంతకంటే లోతు పోతే మొలక పైకి రాలేదు. మొలిచాక నెల రోజులకు గట్టిగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి మిగతావి కోసేయండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

గొర్రెల దారిలోనో, కోళ్లు తిరిగే చోటో పెట్టాల్సి వస్తే సంచుల్లో పెంచక తప్పదు. ఏప్రిల్ నెలాఖరున పొడుగు పాలిథిన్ సంచుల్లో ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు అర పాలు కలిపి నింపి, రెండేసి గింజలు పెట్టండి. రెండు నుంచి రెండున్నర నెలల్లో నాటేయాలి. ఒక ఏడు నాకు వానలు ఆలస్యమై సంచులు ఆఫీసు వెనక ఐదు నెలలు ఉండిపోయాయి. నాటేటప్పుడు కోసి చూస్తే వేర్లు సంచి అడుగున చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. నాటిన వాటిలో సగానికి పైగా మొదటి ఎండాకాలమే పోయాయి. బతికినవి కూడా మూడేళ్లయినా మోకాలెత్తు దాటలేదు.

రాళ్ల కుప్పను సిద్ధం చేసుకోవడం

పట్నంలో డబ్బున్నవాళ్లు బండరాళ్లు కొని తెచ్చి, మధ్యలో మొక్కలు పెట్టి రాక్ గార్డెన్ అంటారు. మీకు రాళ్లు ఉచితం. పద్ధతి మాత్రం ఒకటే.

పనిలో దిగేముందు ఒక హెచ్చరిక. పాత రాళ్ల కుప్పల్లో పాములు, తేళ్లు ఉంటాయి. ఉట్టి చేతులతో రాయి ఎత్తకండి. ముందు గడ్డపారతో కదిలించి, కాసేపు ఆగి, బూట్లు వేసుకుని పగటిపూట మాత్రమే పని చేయండి. పిల్లలను దగ్గరకు రానీయకండి. ఇల్లు, పశువుల కొట్టం ఆనుకుని కొత్తగా కుప్ప పోయవద్దు. కుప్ప మొత్తాన్ని విప్పాల్సిన అవసరమూ లేదు. ఎండ బాగా తగిలే ఒక వైపు సరిచేసుకుంటే చాలు.

పెద్ద రాళ్లను అంచున వరుసగా, మూడో వంతు భూమిలోకి దిగేలా పెట్టండి. పైకి పేర్చిన రాయి మొదటి పెద్ద వానకే దొర్లుతుంది. రాయి పైభాగం కొద్దిగా లోపలికి వాలి ఉంటే, మీద పడ్డ వాన జారి వేరు దగ్గరికే పోతుంది. రాళ్ల మధ్య సందుల్లో ఎర్రమట్టి రెండు పాళ్లు, మొరం ఒక పాలు కలిపి, గడ్డపార మొనతో కూరుకుంటూ నింపండి. కింద గాలి సందులు మిగిలితే వేరు అక్కడే ఎండిపోతుంది. మూరెడు లోతు మట్టి దొరికిన ప్రతి సందూ ఒక మొక్కకు చాలు. మొక్కకు మొక్కకు 4 అడుగుల దూరం ఉంచండి. మొలక లేచాక చుట్టూ గుప్పెడు మందాన కంకర పరిస్తే తేమ ఆరదు, కలుపు లేవదు, వాన చినుకుకు మట్టి చిమ్మదు. ఇదే మన గడ్డి మల్చింగ్ చేసే పని. కాకపోతే దీనికి చెదలు పట్టదు.

ఎరువు వద్దు. మనసొప్పక ఎవరైనా గంపెడు పేడ ఎరువు వేస్తే మొక్క పచ్చగా, మెత్తగా, ఎత్తుగా పెరుగుతుంది. పువ్వు మాత్రం రాదు, గాలివానకు కొమ్మలు విరుగుతాయి. నీళ్లు నిలిచే చోటు కూడా వద్దు. తంగేడు ఎండకు చావదు కాని, వారం రోజులు వేరు నీళ్లలో నానితే నిలవదు. చెరువు కింద తరి పొలాల గట్ల మీద ప్రయత్నించి ప్రయోజనం లేదు. మెట్ట గట్లే దీనికి సరైన చోటు.

గట్టు మీద పెట్టేవాళ్లు 5-6 అడుగులకు ఒకటి పెట్టండి. గట్టు నెత్తి మీద కంటే, బయటి వాలు మీద సగానికి పెడితే నడకకు అడ్డం రాదు, వాలు కోతకూ గురికాదు. గట్టు పక్క మొదటి సాలులో పంట కొద్దిగా తగ్గవచ్చు. ఏటా కొమ్మ కత్తిరిస్తే ఆ నష్టం పెద్దగా కనబడదు. ఉమ్మడి గట్టయితే పక్క చెలక వారితో మాట్లాడుకునే పెట్టండి. గట్టు మీది చెట్టు ఎవరిదన్న గొడవలు ఎంత దూరం పోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

మొదటి ఏడాది, ఆ తర్వాత

మొదటి వానాకాలం మధ్యలో పదిహేను రోజులు చినుకు లేకపోతే ఒక తడి ఇవ్వండి. మొదటి ఎండాకాలంలో రెండు వారాలకోసారి మొక్కకు 2-3 లీటర్ల నీళ్లు మొదట్లో కాకుండా జానెడు దూరంలో పోయండి. వేరు ఆ తడి వెతుక్కుంటూ పోతుంది. రోజూ చెంబెడు పోసే ఉదారులు ఉంటారు. దానివల్ల వేరు పైపైనే ఉండిపోయి, మీరు ఊరెళ్లిన వారంలో మొక్క తలవాలుస్తుంది. రెండో ఏడు నుంచి నీళ్లతో పనే లేదు. పశువులు, మేకలు దీన్ని అంతగా ముట్టవు కాబట్టి ముదిరిన మొక్కకు కంచె అక్కర్లేదు. లేత మొలక మాత్రం తొక్కిడికి పోతుంది. మొదటి ఏడు చుట్టూ నాలుగు రేగు ముండ్లు వేయండి.

కొన్ని మొక్కలు మొదటి ఏడే నాలుగు పూలు చూపిస్తాయి. గుత్తులు గుత్తులుగా రావడం రెండో ఏడు, మూడో ఏడు నుంచి.

పువ్వు కొత్త కొమ్మల చివర వస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే కత్తిరింపు ఎలా చేయాలో తెలిసినట్టే. మూడో ఏడు నుంచి, తొలకరి పడగానే, జూన్ మొదట్లో పొదను నేల నుంచి అడుగున్నర ఎత్తులో పదునైన కొడవలితో ఏటవాలుగా కోయండి. వానలకు చిగుళ్లు వచ్చి, సెప్టెంబరు చివరికి ప్రతి చిగురు కొనకూ గుత్తి కడుతుంది. ఆగస్టులో కోస్తే బతుకమ్మకు ఆకే మిగులుతుంది. పొదలన్నీ ఒకే ఏడు కోయకుండా సగం ఈ ఏడు, సగం వచ్చే ఏడు కోసుకుంటే విత్తనానికీ, పురుగులకు, పిట్టలకూ కొంత మిగులుతుంది.

జూన్‌లో కోసిన ఆకు వృథా కాదు. ఆ సమయానికే నారుమడి తయారీ ఉంటుంది. ముదురు కట్టె తీసేసి, లేత కొమ్మ, ఆకు మడిలో వేసి తొక్కి, నీళ్లు పెట్టి, 10-15 రోజులు మురగనిచ్చి ఆ తర్వాత నారు పోయండి. చౌడు తగిలిన మడికి తంగేడు ఆకు తొక్కడం మన పెద్దల పాత అలవాటు. గట్టు మీది ముప్పై నలభై పొదలతో ఎకరం పొలానికి ఎరువు కాదు, నారుమడి వరకే లెక్క వేసుకోండి. ఇక్కడ ఒక అపోహ కూడా పోవాలి. ఇది చిక్కుడు, కంది జాతికి చెందిన మొక్క కదా, వేరు బుడిపెలతో గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తుందని కొన్నిచోట్ల రాస్తున్నారు. తంగేడు వేరుకు ఆ బుడిపెలు రావు. నేలకు మేలు జరిగేది ఆకు వల్లే. బుడిపెల వల్ల నత్రజని కావాలంటే జీలుగ, జనుము వేసుకోండి.

వంగ తోటకు దీనితో ఏం సంబంధం?

ఈ విషయం రైతులకు చెప్పినప్పుడు ఎక్కువ మంది ఆసక్తిగా వింటారు. తంగేడు పువ్వులో తేనె ఉండదు. ఉన్నదల్లా పుప్పొడి. అది కూడా కేసరాల లోపల మూసి ఉండి, కొనన ఉన్న చిన్న రంధ్రం గుండానే బయటికి వస్తుంది. పెద్ద నల్ల తుమ్మెద వచ్చి పువ్వును కావిలించుకుని, రెక్కలు కదలకుండా ఒళ్లు మాత్రం ఝుమ్మని వణికిస్తుంది. ఆ వణుకుకు పుప్పొడి చిమ్ముతుంది. పొద్దున ఏడు గంటలకు పొద దగ్గర నిలబడితే ఆ చప్పుడు మీకే వినబడుతుంది.

వంగ పువ్వు, టమాట పువ్వు కూడా ఇదే తీరు. పుప్పొడి చిమ్మాలంటే కదలిక కావాలి. టమాటకు గాలి కదలిక చాలావరకు సరిపోతుంది. వంగకు తుమ్మెద వచ్చి వణికిస్తే కాయ పట్టు మెరుగవుతుంది. వంగ తోట దగ్గర గట్టున తంగేడు ఉంటే, తోటలో పూత లేని రోజుల్లో కూడా తుమ్మెదకు తిండి దొరికి అక్కడే ఉంటుంది. ఈ తుమ్మెదలు ఎండు కట్టెలో రంధ్రం చేసుకుని గూడు పెడతాయి. గట్టు మీద ఒక ఎండు మోడు ఉంటే కొట్టేయకండి. తేనెటీగల పెట్టెలు పెట్టినవాళ్లు మాత్రం తంగేడు నుంచి తేనె ఆశించవద్దు.

పురుగుల విషయానికొస్తే, వానాకాలంలో సన్నటి ఆకుపచ్చ గొంగళి పురుగులు ఆకు తినడం కనబడుతుంది. అవి లేత పసుపు, తెలుపు రంగుల్లో గుంపులుగా తిరిగే సీతాకోకచిలుకల పిల్లలు. తంగేడు, రేల, వాటి చుట్టాల మీదే బతుకుతాయి, మీ పత్తికీ కందికీ రావు. మందు కొట్టకండి, మొక్క మళ్లీ చిగురిస్తుంది. ఆకు కాడల మీద చీమలు తిరిగినా భయం లేదు. రెక్కల జతల మధ్య ఉండే చిన్న గ్రంథుల నుంచి వచ్చే తీపి కోసం వస్తాయి.

నిజంగా మొక్కను చంపేది కలుపు మందు. పత్తిలోనో, మక్కలోనో కొట్టిన మందు గాలికి గట్టు మీద పడ్డా లేత తంగేడు మాడిపోతుంది. 2,4-డి లాంటివి కొట్టేటప్పుడు గాలి లేని పొద్దున కొట్టండి, గట్టు వైపు రెండు సాళ్లు వదిలి చేతితో కలుపు తీయండి. గ్లైఫోసేట్ వాడకంపై కేంద్ర ప్రభుత్వం 2022లో ఆంక్షలు పెట్టింది. గట్ల మీద ఇష్టం వచ్చినట్టు కొట్టేది కాదు. గట్టు కలుపును వానాకాలంలో రెండుసార్లు కొడవలితో కోస్తే సరిపోతుంది. కోసే కూలీలకు ఏ మొక్క ఉంచాలో ముందు రోజే చూపించండి. పక్కన ఒక కర్ర పాతి గుడ్డ పీలిక కట్టినా చాలు. నేను ఇలా చెప్పకపోవడం వల్ల ఒక గట్టు మీద రెండేళ్ల మొక్కలు పదిహేడు ఒక్క పూటలో పోయాయి.

పువ్వు కోత, అమ్మకం

బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు, అంటే పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలై, తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుంది. గిరాకీ అంతా మొదటి రోజు, చివరి రెండు రోజులు. తంగేడును 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. అయినా పట్నం చౌరస్తాలో ఆడవాళ్లు చిన్న కట్టకు డబ్బు పెట్టి కొనాల్సిన పరిస్థితి ఉంది. ఆ డబ్బు ఎంతన్నది ఏటా, ఊరూరా మారుతుంది. సద్దుల రోజు సాయంత్రం నాలుగు దాటితే మిగిలిన పువ్వుకు ధర ఉండదు. అందుకే ముందే ఒక బేరగాడితోనో, కాలనీలో తెలిసినవాళ్లతోనో మాట్లాడుకోండి. మహిళా సంఘం వాళ్లు నలుగురు కలిసి ఒక ఆటోలో వేసుకుపోతే కిరాయి గిట్టుతుంది, ఒక్కరే పోతే గిట్టదు.

తెల్లవారుజామున, మంచు ఆరకముందే, సగం విచ్చిన గుత్తులను 6-8 అంగుళాల కాడతో కోయండి. కొమ్మ విరిచి లాగకండి, తోలు ఊడుతుంది. గుప్పెడు కాడలకు ఒక కట్ట కట్టి, తడి గోనె సంచిలో వదులుగా చుట్టి నీడలో ఉంచండి. పాలిథిన్ కవర్లో కుక్కితే రెండు గంటల్లో రెక్కలు రాలుతాయి. పొదకు మూడో వంతు పువ్వు తప్పనిసరిగా వదిలేయండి. అది వచ్చే ఏటి విత్తనం.

గునుగు కూడా కావాలంటే అదే రాళ్ల కుప్ప దిగువన, మట్టి ఎక్కువున్న చోట తొలకరికి గింజ చల్లితే చాలు, నల్లటి సన్న గింజ, ఏ శుద్ధీ అక్కర్లేదు. కాని అది చెలకలోకి పాకితే కలుపవుతుంది. పండుగకు కోసుకున్నాక మిగిలిన కంకులను గింజ రాలకముందే కోసి, వచ్చే ఏడాదికి దోసెడు దాచుకోండి.

బెరడు, పువ్వుల టీ

పాత తరం వాళ్లకు తంగేడు అంటే బెరడు. అందులో తోలు శుద్ధికి పనికొచ్చే వగరు పదార్థం ఎక్కువ. దక్షిణాదిలో చర్మకారులు తరతరాలుగా దీనితోనే తోలు శుద్ధి చేశారు. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ బెరడు రావడంతో ఆ గిరాకీ పడిపోయింది. ఎవరైనా బెరడు కొంటామని వచ్చినా చుట్టూ ఒలిస్తే మొక్క చస్తుంది. కోసిన కొమ్మల నుంచి మాత్రమే తీయండి.

ఈమధ్య ఎండబెట్టిన తంగేడు పువ్వులను చక్కెర వ్యాధికి మందని అమ్ముతున్నారు. పల్లెల్లో పువ్వు కషాయం తాగే అలవాటు ఉన్నమాట నిజమే. కాని దాన్ని నమ్ముకుని డాక్టరు రాసిన మాత్రలు మానేయకండి. ఈ జాతి మొక్కలకు విరేచనం చేసే గుణం ఉంది. గర్భిణులు, చిన్నపిల్లలు వాడకూడదు. అమ్మకానికి ఎండబెట్టే ఆలోచన ఉంటే, మందు పిచికారీ అయిన పొలం గట్టు పువ్వు వాడవద్దు. ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా ప్యాకెట్లు అమ్మడం కూడా కుదరదు.

ఈ డిసెంబరులో మీ ఊరి బీడు వైపు వెళ్లినప్పుడు ఎండిన కాయలు రెండు గుప్పిళ్లు సంచిలో వేసుకోండి. రాళ్ల కుప్ప పని ఫిబ్రవరి, మార్చి నెలల్లో, యాసంగి పనుల మధ్య దొరికిన తీరిక పూట చేసుకోవచ్చు. ఏ చెట్టు కాయో అనుమానం ఉంటే ఆకుతో సహా ఒక కొమ్మ తీసుకుని మీ రైతు వేదికలో ఏఈఓకు చూపించండి.